తాతయ్య సంస్మరణ పుస్తకం కోసం ఆవర్జాలు తిరగేసిన నెలలు

తాతయ్య పోయిన పదమూడో రోజు భోజనాలు ముగిసి, బంధువులంతా ఒక్కొక్కరే వెళ్లిపోయాక, పెద్దమామయ్య ఆయన గదిలోని బీరువా తెరిచి ఒక పాత బిస్కెట్ల రేకుడబ్బానూ, దాని కింద ఉన్న చిట్టా పుస్తకాన్నీ బయటికి తీశాడు. గుంటూరులో రైతుల మిరపకాయలు అమ్మిపెట్టే కమీషన్ దుకాణాన్ని తాతయ్య 2004లోనే మామయ్య చేతికి అప్పగించారు కానీ, చిట్టా రాయడం మాత్రం మానలేదు. పాలు, పేపరు, ఇస్త్రీ, బీపీ మాత్రలు, గుడి దగ్గర కొబ్బరికాయ, ఏ రోజు ఖర్చు ఆ రోజు రాసి, కింద గీత గీసి నిల్వ వేసేవారు. 2022 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరడానికి ముందు రోజు రాత్రి వేసిన నిల్వ 340 రూపాయలు. మామయ్య రేకుడబ్బా మూత తీసి మంచం మీద బోర్లించాడు. మూడు వంద నోట్లు, రెండు ఇరవైలు పడ్డాయి. ఎనభయ్యేడేళ్ల మనిషి, చేయి వణుకుతూ రాసిన ఆఖరి లెక్క కూడా పైసా తేడా లేకుండా సరిపోయింది.

"సంవత్సరీకం నాటికి ఒక చిన్న పుస్తకం వేద్దాం అమ్మాయ్. లెక్కలు చదివినదానివి, నువ్వే రాయి" అని మామయ్య అన్నాడు.

నేను హైదరాబాదులో ఒక ఆడిటరు కార్యాలయంలో పని చేస్తున్నాను. కంపెనీల లెక్కలు చూడడం అలవాటే కనుక, మా తాతయ్య జీవితం రాయడం పక్షం రోజుల పని అనుకున్నాను. బంధువులందరికీ ఫోన్లు చేశాను. ఎవరిని అడిగినా ఆ మూడు కథలే చెప్పారు. పదిహేడో ఏట పెదనందిపాడు దగ్గరి పల్లె నుంచి చేతిలో ఐదు రూపాయలతో గుంటూరు వచ్చి గుమస్తాగా చేరారన్నది మొదటిది. ఒక కరువు సంవత్సరంలో రైతుల ప్రామిసరీ నోట్లన్నీ వాళ్ల ఎదుటే చించేశారన్నది రెండోది. జీవితంలో ఎవరినీ కోర్టుకు ఈడ్చలేదన్నది మూడోది. ఈ మూడింటినీ కలిపి నాలుగు పేజీలు రాసి, చదువుకుని చూస్తే, పేరు మార్చి ఎవరి శ్రద్ధాంజలి ప్రకటనలోనైనా వేసుకోవచ్చు అనిపించింది. తాతయ్య అందులో ఎక్కడా కనిపించలేదు. మామయ్యకు ఆ మాట చెబితే, "అయితే అటక మీద ఆయన పెట్టెలున్నాయి, దింపుకో" అన్నాడు.

రెండు ఇనప్పెట్టెల్లో నలభై ఒక్క పుస్తకాలున్నాయి. నలభై ఎనిమిదేళ్ల వ్యాపారంలో ఏడేళ్ల పుస్తకాలు చెదలకు పోయాయి. మిగిలినవాటిని హాల్లో పాత దుప్పటి పరిచి, ఫ్యాను వేగం తగ్గించి, రంగులు వేసే మెత్తని కుంచెతో ఒక్కొక్క పుటా దులపడానికే మూడు శని, ఆదివారాలు పట్టింది. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా మొదటి పుస్తకం తెరిచి, వరుసగా పది తుమ్ములు తుమ్మాను. ఎప్పటిదో మిరపకాయ దుమ్ము కుట్టు పోగుల్లో ఇంకా ఎర్రగా ఉంది. చిన్నప్పుడు తాతయ్య దుకాణం నుంచి రాగానే పెరట్లోకే వెళ్లి, మజ్జిగతో చేతులు కడుక్కుని, స్నానం చేశాక గానీ మమ్మల్ని ముట్టుకునేవారు కాదు. ఆయన కండువాను అమ్మమ్మ విడిగా తడిపేది. ఆ ఘాటు నాకు పుస్తకంలోంచి వచ్చిందో, జ్ఞాపకంలోంచి వచ్చిందో చెప్పలేను.

దులిపిన ప్రతి పుటనూ సెల్‌ఫోనుతో ఫొటో తీసి, సంవత్సరం వారీగా ఒక నోటుపుస్తకంలో జాబితా వేసుకున్నాను. ఈ పని చేయబోయేవారికి ఒక్క మాట చెబుతాను. ముందు ఫొటోలు తీయండి, తరువాత చదవండి. నేను చదువుతూ తీస్తానని కూర్చుని రెండు వారాలు పోగొట్టుకున్నాను, ఒకటి రెండు పుటల అంచులు వేళ్లకే రాలిపోయాయి.

చిట్టా అంటే ఏ రోజు జమా ఖర్చులు ఆ రోజు రాసే పుస్తకం. ఆవర్జా అంటే వాటినే మనిషి పేరున, ఖాతాల వారీగా ఎత్తి రాసే పుస్తకం. చిట్టా చదివితే ఆ రోజు ఏం జరిగిందో తెలుస్తుంది, ఆవర్జా చదివితే ఒక మనిషితో పదేళ్ల సంబంధం ఎలా నడిచిందో తెలుస్తుంది. నేను చిట్టాలతో మొదలుపెట్టి దారి తప్పాను. ఆవర్జాలు పట్టుకున్నాకే పని సాగింది.

మొదటి పుస్తకం 1956 దీపావళి నాటిది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన వారంలోనే, ఇరవై రెండేళ్ల వయసులో, గుమస్తా పని మానేసి, ఒక స్నేహితుడితో కలిసి పట్నంబజారులో దుకాణం తెరిచారు. నాలుగు మూలలా పసుపు, పైన "శ్రీరామ", కింద "లాభం" అని రాసి ఉంది. అంకెలు రూపాయలు, అణాలు, పైసల్లో ఉన్నాయి. బరువులు మణుగుల్లో, వీశెల్లో ఉన్నాయి. ఐదు నెలలు గడిచేసరికి, 1957 ఏప్రిల్ ఒకటి నుంచి నయాపైసలు వచ్చాయి. ఆ పుస్తకం అట్ట లోపలి వైపు తాతయ్య తన కోసం ఒక పట్టీ రాసుకున్నారు: అణా 6, రెండణాలు 12, మూడణాలు 19, పావలా 25. మూడణాల పక్కన చిన్న అక్షరాలతో "ఇక్కడ జాగ్రత్త" అని ఉంది. అణాకు ఆరు చొప్పున లెక్కిస్తే పద్దెనిమిదే రావాలి, ప్రభుత్వ లెక్క పంతొమ్మిది. ఆ ఒక్క పైసా దగ్గర ఎన్నిసార్లు నిల్వ తప్పి రాత్రి భోజనం ఆలస్యమైందో అమ్మమ్మ ఇప్పటికీ చెబుతుంది. నిల్వ సరిపోతే గానీ ఆయన పీట మీదికి వచ్చేవారు కాదట.

పొట్టి గుర్తులు విప్పడానికి 1974లో చేరి చివరిదాకా పని చేసిన గుమస్తా గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, పుట మీద వేలు పెట్టి, పాఠం చెప్పినట్టే చెప్పారు. "హ" అంటే హమాలీ, "కా" అంటే కాటా కూలి, "ధ" అంటే ధర్మం. ఒక్క గుర్తు మాత్రం ఆయనకూ అంతు చిక్కలేదు. మొదటి ఏళ్లలో ప్రతి రైతు ఖాతాలోనూ జమ వైపు "రా" అన్న అక్షరం, దాని పక్కన చిన్న మొత్తం, రూపాయి పావలానో, పన్నెండణాలో కనిపిస్తుంది. "ఇది నేను రాకముందు మాటమ్మా. రాబడి అయి ఉంటుంది" అన్నారాయన. నేనూ అలాగే అనుకుని ముందుకు వెళ్లాను.

ఆవర్జా పేర్ల పట్టికలో ఊళ్ల పేర్లు చదవడం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అయింది. మొదటి పదేళ్లూ ప్రత్తిపాడు, పెదనందిపాడు, చిలకలూరిపేట వైపు నల్లరేగడి ఊళ్లే ఉన్నాయి. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారని బడిలో చదువుకున్నాను. దాని అర్థం ఈ పుస్తకాల్లో చూశాను. తరువాతి నాలుగైదేళ్లలో నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ వైపు ఊళ్లు ఒక్కొక్కటే పట్టికలోకి వచ్చి చేరాయి. మొదట ఊరికి ఒక రైతు, మరుసటి ఏడాది అతని బావమరిది, ఆ పై ఏడాది వియ్యంకుడు. తాతయ్య దుకాణానికి ప్రచారం చేసింది బంధుత్వాలేనని తెలిసింది.

బేరం ఎలా చేసేవారో పుస్తకాల్లో ఉండదు. అది నాకు చేత్తోనే తెలుసు. నాకు ఎనిమిదేళ్లున్నప్పుడు ఒకరోజు కండువా నా చేతి మీద కప్పి, లోపల నా వేళ్లు పట్టుకుని, "ఎంతన్నాను?" అని అడిగారు. నాలుగు వేళ్లు పట్టుకుంటే నాలుగు, ఆ నాలుగు పదులా వందలా అన్నది ఇద్దరికీ ముందే తెలిసి ఉంటుంది. కొనేవాడు, అమ్మేవాడు తప్ప పక్కన నిలబడ్డ మూడోవాడికి ధర తెలియదు. "మరి రైతుకు?" అని నేను అడిగానట. తాతయ్య నవ్వి, జవాబు చెప్పకుండా, బెల్లం ముక్క ఇచ్చారని అమ్మ అంటుంది. మంచి ప్రశ్న అడిగానని ఇప్పుడు అనుకుంటాను, ఎందుకంటే ఆ కండువా చాటున రైతులకు జరిగిన నష్టం తక్కువదేమీ కాదు.

ఇక నోట్ల సంగతికి వస్తాను. రెండో పెట్టె అడుగున పురికొసతో కట్టిన ఒక కట్ట దొరికింది. విప్పితే ముప్పై నాలుగు ప్రామిసరీ నోట్లు, రెవిన్యూ స్టాంపు మీద సంతకాలతో, కొన్నింటి మీద వేలిముద్రలతో, చెక్కు చెదరకుండా ఉన్నాయి. చించేశారని మేమంతా చెప్పుకుంటున్న నోట్లు ఇవే. కథ తప్పన్నమాట. గుమస్తా గారిని అడిగితే, కాసేపు మౌనంగా ఉండి, అసలు విషయం చెప్పారు. చిన్న రైతుల, కూలీల, చేతివృత్తులవారి అప్పులను రద్దు చేస్తూ 1977లో రాష్ట్ర ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. ఆ దెబ్బకు ఈ నోట్లు వట్టి కాగితాలయ్యాయి. తాతయ్య ఎవరికీ ఏదీ మాఫీ చేయలేదు, చట్టం చేసింది. పైగా నెల రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదట.

నాకు చాలా నిరాశ కలిగింది. అయితే అలవాటు కొద్దీ ఆ ముప్పై నాలుగు పేర్లూ రాసుకుని, 1978 ఆవర్జాలో వెదికాను. అప్పులు పోయిన కొత్తలో మళ్లీ అప్పు ఇవ్వడానికి బజారులో ఎవరూ ముందుకు రాలేదని గుమస్తా గారు చెప్పారు. ఆ ముప్పై నాలుగు మందిలో ఇరవై ఆరు మందికి తాతయ్య విత్తనానికి, ఎరువుకు తిరిగి డబ్బు ఇచ్చారు. వడ్డీ మాత్రం వదల్లేదు, నూటికి రూపాయిన్నర. వాళ్ల సరుకు తన దుకాణానికే రావాలన్న వ్యాపార బుద్ధి అందులో ఉంది, భయం లేకపోవడమూ ఉంది. నోట్లు చించిన దాతకంటే ఈ మనిషినే నేను ఎరుగుదును.

కోర్టు కథ ఇంకా కష్టపెట్టింది. 1968 ఆవర్జాలో ఒక రైతు ఖాతా కింద "డిక్రీ ఖర్చులు", "ఈపీ ఖర్చులు", ఆపైన "వేలం పాట" అని వరుసగా పద్దులున్నాయి. డిక్రీ అంటే కోర్టు తీర్పు, ఈపీ అంటే దాన్ని అమలు చేయించమని వేసే అర్జీ. అప్పు తీర్చని ఆ రైతు మీద దావా వేసి, పొలం జప్తు చేయించి, కోర్టు వేలంలో తాతయ్యే పాడుకున్నారు. ఎకరం డెబ్బై సెంట్లు. సర్వే నెంబరు చూడగానే గుర్తుపట్టాను, ఎందుకంటే అది మా అమ్మకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం, నా చదువుకు బ్యాంకులో కుదువ పెట్టిన పొలం. పుట తిప్పితే మరుసటి సంవత్సరం నుంచి అదే రైతు పేరున "కౌలు జమ" మొదలైంది. తన పొలానికే అతను కౌలుదారయ్యాడు, 1984 దాకా.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆయన నాకు తెలుసు. నా పెళ్లయ్యాక ఏటా సంక్రాంతి వెళ్లాక పచ్చడికని పండుమిరపకాయలు గంపలో తెచ్చి గుమ్మంలో పెట్టి, కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. మా కౌలుదారు గదా, మొహమాటం అనుకున్నాను" అంది.

పుస్తకంలో ఇది రాయాలా వద్దా అన్న దాని మీద మామయ్యకూ నాకూ రెండు వారాలు మాటలు సరిగా లేవు. "పోయినాయన మీద ఇప్పుడీ తవ్వకాలెందుకు? నలుగురూ వచ్చే రోజున ఆయన పరువు తీస్తావా?" అన్నాడు. మామయ్య బాధ నాకు అర్థం కాకపోలేదు, ఆ బజారులోనే రోజూ కూర్చోవలసినవాడు. చివరికి తేల్చింది అమ్మమ్మ. వక్క నముల్తూ, మా ఇద్దరి వాదన విని, "ఆయన తన చేత్తో రాసి పెట్టుకున్నదే కదర్రా. దాచాలనుకుంటే ఆ కాగితం చింపెయ్యడం ఆయనకు చేతకాకనా?" అంది. రైతు పేరు, ఊరు లేకుండా ఐదు వాక్యాల్లో రాశాను. ఆ ఐదు వాక్యాలూ పదకొండు సార్లు తిరగరాశాను.

అమ్మమ్మ కథ మాత్రం అందరం నవ్వుకుంటూ రాసుకున్నాం. ఎనభైల మొదట్లో సరుకు కొన్న ఒక ఎగుమతి వ్యాపారి ఐపీ పెట్టాడు, అంటే దివాలా తీశానని కోర్టుకెక్కాడు. రైతులకు ఇవ్వాల్సిన డబ్బు తాతయ్య నెత్తిన పడింది. కమీషన్ వ్యాపారి రైతుకు జవాబుదారీ కనుక, కొన్నవాడు ఇవ్వలేదని చెప్పి తప్పించుకుంటే మరుసటి ఏడాది దుకాణం ముందు బండి ఆగదు. అప్పుడు అమ్మమ్మ నానుతాడు, గాజులు బ్యాంకులో కుదువ పెట్టారని మాకు తెలుసు. తెలియనిదేమిటంటే, ఆవర్జాలో ఆమె పేరున ఒక ఖాతా తెరిచి, ఆ మొత్తాన్ని జమ వేసి, బయటివాళ్లకు ఇచ్చినట్టే ఏటా వడ్డీ కూడా జమ కట్టారు. నాలుగేళ్లకు నగలు విడిపించి అసలు చెల్లు వేశారు.

నేను గర్వంగా ఆ పుట చూపిస్తే, "వడ్డీనా? నా చేతికి ఎప్పుడిచ్చాడు?" అని అమ్మమ్మ నిలదీసింది. పుట చివరిదాకా చూశాను. వడ్డీ మొత్తం ఖర్చు వైపు ఒకే పద్దులో పోయింది: "కాశీ ప్రయాణం, ఇద్దరికి, రైలు, సత్రం, గంగ చెంబులు సహా." అమ్మమ్మ పుస్తకం దగ్గరికి లాక్కుని, అక్షరాలు చదవలేకపోయినా ఆ వరుస మీద వేలు పెట్టి, "అయితే ఆయన్ని కాశీకి తీసుకెళ్లింది నేనన్నమాట. అరిచి గోల చేసి, కిటికీ పక్కన కూర్చున్నది మాత్రం ఆయన" అంది. ఆ మాట ఉన్నదున్నట్టు పుస్తకంలోకి ఎక్కింది.

ధర్మం పద్దు గురించి కూడా ఒక మాట రాయాల్సి వచ్చింది. తాతయ్య బడికి గది కట్టించారని, చలివేంద్రం పెట్టించారని రాళ్ల మీద పేరు ఉంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు అవనిగడ్డ వైపు లారీలో బియ్యం పంపారు. ఆ డబ్బు చాలా వరకు ధర్మం ఖాతాలోది, అంటే ప్రతి రైతు అమ్మకం మీద, అతనికి లెక్క రాసిచ్చే పట్టీలో, కోసుకున్న చిల్లర. బజారంతా అదే ఆనవాయితీ. ఆయన ఆ ఖాతాకు పెట్టుకున్న శీర్షిక "రైతుల ధర్మం". రాయి మీద పేరు చెక్కించినవాళ్లు ఆ మాట వదిలేశారు. నేను వదలలేదు.

పుస్తకం చివరికి నలభై పేజీలైంది. అరండల్‌పేటలో ఒక చిన్న ప్రెస్సులో మూడు వందల ప్రతులు వేయించాం. రెండుసార్లు ప్రూఫులు దిద్దినా ఒక చోట వీశె బదులు వీశం అని పడింది, అది తాతయ్య కంటపడితే ఊరుకునేవారు కాదు. ఆయన ఫొటోల్లో నవ్వింది ఒక్కటీ లేక, మామయ్య పెళ్లిలో ఎవరి మీదో కేకలు వేస్తున్న ఫొటోనే అట్ట మీద పెట్టాం. చూసినవాళ్లందరూ "అచ్చం ఆయనే" అన్నారు.

సంవత్సరీకం రోజున భోజనాల దగ్గర తొంభైకి దగ్గరపడ్డ ముఠా మేస్త్రీని మనవడు బండి మీద తీసుకొచ్చాడు. పట్నంబజారు దుకాణంలో మొదటి ఏళ్ల నుంచీ బస్తాలు మోసిన మనిషి. ఇన్ని నెలల్లో నేను ఆయన దగ్గరికి వెళ్లలేదు, చదువు రాదు కదా, పుస్తకాల సంగతి ఏం తెలుస్తుందని. వరండాలో కూర్చోబెట్టి మనవడు పుస్తకమంతా చదివి వినిపించాడు. మధ్యలో రెండుసార్లు కళ్లు మూసుకున్నాడు, నిద్రపోయాడనుకున్నాను. అంతా అయ్యాక నన్ను పిలిచాడు.

"అన్నీ రాశావు గానీ పాపా, రాలుడు కాయ సంగతి రాయలేదే?"

నాకు అర్థం కాలేదని చెబితే వివరించాడు. కొనేవాళ్లు మచ్చు చూడడానికి బస్తా మూతి విప్పి, చేతులు పెట్టి కలియబెట్టి, గుప్పెళ్లు తీసి, విరిచి వాసన చూసి కింద పారేస్తారు. కాటా ఎక్కించి దించేటప్పుడు మరికొంత రాలుతుంది. సాయంత్రానికి దుకాణం నేల ఎర్రగా ఉంటుంది. ఆ ఊడ్చిన కాయ దుకాణందారుదే అన్నది బజారు వాడుక. తాతయ్య మొదటి ఏడాది అలాగే తీసుకున్నారు. రెండో ఏడాది ఒక ముసలి రైతు వెళ్లబోతూ వంగి, తన బస్తాల దగ్గర రాలిన కాయలు పైపంచెలోకి ఏరుకుంటుంటే చూశారు. అప్పటి నుంచి ఏ రైతు సరుకు దగ్గర రాలింది ఆ రైతు పేరున విడిగా ఊడ్పించి, చిన్న తక్కెడలో మేస్త్రీ చేతే తూయించి, పట్టీలో జమ వేసేవారు. "పక్క దుకాణాలవాళ్లు నవ్వేవాళ్లు. మాకు కూడా ఇసుగే, రోజంతా మోసి చచ్చి, మళ్లీ ఈ చీపుళ్ల లెక్కేందని. యాపారం మార్కెట్ యార్డుకి పోయాక కుదర్లేదు, అక్కడ ఎవరి కాయ ఎవరిదో తెలవదు" అన్నాడు.

నేను లోపలికి వెళ్లి 1959 ఆవర్జా తెచ్చి తెరిచాను. ప్రతి ఖాతాలోనూ జమ వైపు "రా", రూపాయి పావలా, పన్నెండణాల బదులు డెబ్బై అయిదు పైసలు, తొంభై. ఒకచోట పంతొమ్మిది పైసలు. అది మూడణాల లెక్క.

అప్పటికి పంచకుండా మిగిలిన ప్రతులు అరవై దాకా ఉన్నాయి. వెనక అట్ట లోపలి వైపు ఖాళీగా ఉంది. మామయ్య రెండు పెన్నులు తెచ్చాడు. వంటవాళ్లు గిన్నెలు సర్దుతుండగా వరండాలో చాప మీద కూర్చుని, మేస్త్రీ చెప్పింది చెప్పినట్టు, ఒక్కొక్క ప్రతిలో రాయడం మొదలుపెట్టాం. మేస్త్రీ తన ప్రతిని మాత్రం మామయ్యకు కాకుండా నాకిచ్చి, "ఇందులో కాస్త పెద్దచ్చరాలు పెట్టు పాపా, మావోడికి చూపానదు" అన్నాడు.